ఎవరు నిలబెట్టినారమ్మా?

ఎన్నికలు వస్తే మా వైపు ఆటోల మీద తిరిగే గొంతు నాది. గూడూరులో ఒక మేడ మీద చిన్న గది, అందులో ఒక మైకు, ఒక కంప్యూటరు, చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా అంటించిన కోడిగుడ్ల అట్టలు. అదే నా ఆఫీసు. మామూలు రోజుల్లో చీరల దుకాణాలకూ కొత్తగా తెరిచిన పళ్ళ ఆస్పత్రులకూ ప్రకటనలు చదువుతాను. నామినేషన్లు మొదలయ్యాయంటే నాకు అన్నం తినే తీరిక ఉండదు. మనుబోలు నుంచి తడ దాకా పొద్దున్నే "అక్కలారా, అన్నలారా" అని మిమ్మల్ని నిద్ర లేపింది నేనే. తిట్టుకుని ఉంటే తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

నా పద్ధతి ఒకటుంది. అభ్యర్థి రాగానే కూర్చోబెట్టి టీ తెప్పిస్తాను. తర్వాత ఒకే ప్రశ్న అడుగుతాను: "మీకీ పదవి ఎందుకు కావాలి?" ప్రకటన రాయాలంటే నాకొక మాట దొరకాలి కదా. ఇన్నేళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఒకే జవాబు చెప్పారు. ప్రజాసేవ. టీ గ్లాసు సగమయ్యేసరికి అసలు సంగతి బయటపడేది. ఒకాయనకు తన రొయ్యల గుంతల దాకా తారు రోడ్డు కావాలి. నిమ్మకాయల వ్యాపారి ఒకాయనకు తోడల్లుడు ఎంపీటీసీ అయిన దగ్గర్నుంచి అత్తగారింట్లో రెండో వడ్డన అయిపోయిందట. ఆ మొదటి విస్తరి కోసం ఆయన జడ్పీటీసీకి దిగాడు. సంగం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు అయితే, ఏదో ఆఫీసులో తనకు కుర్చీ వెయ్యలేదని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

నేను వాళ్ళను ఎగతాళి చెయ్యడం లేదు. ఆశ లేనివాడు మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి దండాలు పెట్టడు. ఆశ ఉండటం తప్పు కాదు. దానికి సేవ అని దుప్పటి కప్పి, మనల్ని కూడా చూడనట్టు నటించమంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ దుప్పటి కప్పని ఆ ఒక్కరూ మా అక్క.

మాది సముద్రం ఒడ్డు ఊరు. వేట మగవాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. మా అక్క పెళ్ళి చేసుకుని అదే ఊళ్ళో ఉండిపోయింది, చెల్లెల్ని నేను గూడూరు చేరాను. ఆమె రోజూ చేపల బుట్టలతో ఆటోలో గూడూరు మార్కెట్టుకు వస్తుంది. దేవుడు మైకు నాకిచ్చి గొంతు మా అక్కకిచ్చాడు. మార్కెట్టులో ఆమె వంజరం ధర చెబితే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగుతారు.

కిందటి విడతలో మా అక్క వార్డు మెంబరు. పేరుకు మాత్రమే. మీటింగుకు మా బావ పోయేవాడు, కాఫీ తాగి వచ్చేవాడు. ఒకసారి బావ వేటకు పోయి ఆలస్యమైతే అక్క తానే పోయింది. లోపల కుర్చీలన్నిటిలోనూ మెంబర్ల మొగుళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమెకు కుర్చీ లేదు. గోడ పక్కన నిలబడింది. అక్కడున్న ఉద్యోగి ఎంతో మర్యాదగా, "మీరెందుకమ్మా శ్రమపడి వచ్చినారు, సంతకానికి ఇంటికే పంపించేవాళ్ళం గదా" అన్నాడు. ఆ సాయంత్రం మా గదికి వచ్చి, టీ కూడా తాగకుండా చెప్పింది.

"ఆ నడిమధ్య కుర్చీ నాకు కావాల మే."

"సర్పంచిదా?"

"ఊఁ. కూర్చుంటే ఎట్టుంటాదో చూడాల."

అంతే. రోడ్లు, మంచినీళ్ళు, వీధి దీపాలు ఏవీ ఆ మాటలో లేవు. నాకు నవ్వు రాలేదు, గర్వంగా అనిపించింది.

ఈసారి రిజర్వేషన్‌లో మా పంచాయతీ సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. అక్క నామినేషన్ వేసింది. బావకు చెప్పింది గానీ అడగలేదు. మర్నాడే ఊరి పెద్దలు వలలు బాగుచేసుకునే కొట్టంలో కూర్చుని కబురు పెట్టారు. అక్కడికి ఆడవాళ్ళను పిలవడం మా ఊళ్ళో ఆనవాయితీ కాదు, కాబట్టి పిలిచింది బావను. అక్క వెనకాలే పోయింది. అక్క వెనకాల నేను పోయి బయట ఇసుకలో నిలబడ్డాను.

వాళ్ళందరిలోకీ పెద్దాయన మా బావను అడిగాడు. "ఏంరా, నీ పెళ్ళాన్ని ఎందుకు నిలబెట్టినావు?"

"నేను నిలబెట్టలేదు పెదనాయనా."

"మరి ఎవురు నిలబెట్టినారు?"

మా బావ నిజంగానే ఆలోచించాడు పాపం. "అడిగి చెప్తా" అన్నాడు.

ఇక్కడ ఆ మాట గురించి చెప్పాలి. మగవాడు పోటీ చేస్తే మా దగ్గర "నిలబడినాడు" అంటారు. ఆడమనిషి పోటీ చేస్తే "నిలబెట్టినారు" అంటారు. ఫలానా ఆయన భార్యను నిలబెట్టినాడు, ఫలానా ఇంటివాళ్ళు కోడల్ని నిలబెట్టినారు. పందిరికి రాట నిలబెట్టినట్టు. నేను కూడా ఎన్నో ప్రకటనల్లో ఆ మాటే చదివాను, నాలుక దానికి అలవాటు పడిపోయింది.

పెద్దాయన ఈసారి అక్క వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నిన్ను ఎవురు నిలబెట్టినారు? గూడూరోళ్ళా? రొయ్యల గుంతలోళ్ళా? మీ చెల్లెలు మైకుల్లో తిరగతా ఉంటాది, ఆ పాపా?"

"ఎవురూ నిలబెట్టలేదు మామా. నేనే నిలబడినా."

"ఎందుకు?"

"నాకు సర్పంచి కావాలనుంది."

సేవ అనుంటే ఆ పెద్దలకు జవాబు తెలుసు, ఇంట్లోనే చెయ్యమ్మా అనేవాళ్ళు. డబ్బని చెప్పినా తెలుసు. "నాకు కావాల" అనే మాటకు వాళ్ళ దగ్గర జవాబు లేదు. పెద్దాయన గొంతు సవరించుకుని, తన కోడల్ని నిలబెడుతున్నామని, అందరూ కలిసి ఏకగ్రీవం చేసుకుంటే ఊరికి మంచి పేరని, అక్క విత్‌డ్రా చేసుకోవాలని చెప్పాడు.

"ఆ పాప వచ్చి నాతో చెప్పమనండి, నాకు కావాలక్కా అని. అప్పుడు ఆలోచిస్తా" అంది అక్క.

ఆ పాప రాలేదు. దురాయి వచ్చింది. దురాయి అంటే మా ఊరి పెద్దలు కేక వేయించే కట్టుబాటు. దురాయి వేస్తే వేట కూడా ఆగిపోతుంది, అంత గట్టిది. ఊరి ఓట్లన్నీ పెద్దాయన కోడలికేనని వీధుల్లో చాటించారు. మర్నాడు ఆటోలో అక్క పక్కన కూర్చోవడానికి రోజూ వచ్చే ఆడవాళ్ళే వెనకాడారు. నాకు భయం వేసింది, ఆ మాట ఒప్పుకుంటాను. అక్కతో వద్దులే అన్నాను. ఆమె చేపల మీద ఐసు చల్లుకుంటూ, "ఓటేసే కాడ మామ నా పక్కన నిలబడడు గదా" అంది.

ఇంతలో పెద్దాయన నా గదికే వచ్చాడు, ప్రకటన చేయించడానికి. కోడల్ని వెంట తీసుకొచ్చాడు. చిన్నపిల్ల, ఇంటర్ దాకా చదువుకుంది, పెళ్ళయ్యాక మా ఊరు వచ్చింది. నేను అక్కకు ఫోన్ చేసి ఏం చెయ్యమంటావని అడిగాను. "చెయ్ మే. నాకు చేసినంత బాగా చెయ్. వంకర పని చేసినావంటే, నేను గెలిచినా నువ్వు గెలిపించినావంటారు" అంది. అలాంటి మనిషి మా అక్క. గెలుపులో కూడా ఎవరికీ వాటా ఇవ్వదు.

పెద్దాయన వాక్యాలు ఇంటి దగ్గరే తయారు చేసుకొచ్చాడు. మొదటి సగం నా గొంతులో, చివరి మాట అభ్యర్థి గొంతులో. ఆ పిల్ల మైకు ముందుకు వచ్చి, "మా మామగారు నన్ను నిలబెట్టినారు, ఉంగరం గుర్తుకు ఓటెయ్యండి" అంది. గొంతు గాలి తీసిన ట్యూబులా ఉంది. రెండుసార్లు చెప్పించినా అంతే. అప్పుడు నేను, "నేను నిలబడినాను అని చెప్పి చూడు, మాట బాగా పలుకుతుంది" అన్నాను. ఆమె మామగారి వైపు చూసింది. ఆయనకు అది రికార్డింగు సంగతి అనిపించి తల ఊపాడు.

"నేను నిలబడినాను. ఉంగరం గుర్తుకు ఓటెయ్యండి."

గది మారిపోయింది. చాలు, వచ్చేసింది అన్నాను. ఆ పిల్ల మైకు ముందు నుంచి కదల్లేదు. "ఇంకొకసారి చెప్తానక్కా" అంది. అవసరం లేకపోయినా చెప్పించాను. ఆ రెండోదే ఊరంతా వినిపించాను.

అక్కది కత్తెర గుర్తు. రెండు ఆటోలూ ఒకే వీధిలో ఎదురుపడేవి, రెండింట్లోనూ నా గొంతే. ఊళ్ళో పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఓట్లు లెక్కపెట్టినప్పుడు అక్క ఓడిపోయింది. దురాయి ఉన్నా ఆమెకు పడిన ఓట్లు చూసి పెద్దల మొహాలు కొంచెం వాడాయి గానీ, ఓటమి ఓటమే. ఆ రోజు మా అక్క ఏడ్చింది. వేరే ఎవరి ముందూ కాదు, నా గదిలో, మైకు పక్కన కూర్చుని. ఊరి కోసమో ఆడవాళ్ళ కోసమో కాదు. తనకు కావలసింది తనకు దొరకలేదని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాను.

కొన్నాళ్ళకు గ్రామసభ పెట్టారు. మైకు పెట్టడానికి నన్నే పిలిచారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, బల్ల వెనక నడిమధ్య కుర్చీ. అందులో పెద్దాయన కూర్చుని ఉన్నాడు, భుజం మీద కొత్త తువ్వాలు. గెలిచిన సర్పంచి, ఆయన కోడలు, వెనకాల ఆడవాళ్ళతో చాప మీద ఉంది. ఎవరికీ అది వింతగా అనిపించలేదు. మా అక్క మార్కెట్టు నుంచి నేరుగా వచ్చి నిలబడింది. ఆమెకు మైకు అక్కర్లేదు.

"సెక్రటరీ గారూ, నాకొక అనుమానం. నేను ఎవురి చేతిలో ఓడిపోయినాను?"

సెక్రటరీ నవ్వాడు. "అదేందమ్మా, సర్పంచి గారి చేతిలో."

"ఆమె చాప మీద ఉండాదే. కుర్చీలో ఉండేది మామ. మామ నా మీద నిలబళ్ళేదు. నిలబడుంటే ఆ కథ వేరే." కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. చాప వైపు తిరిగింది. "పాపా, నేను ఓడింది నీ చేతిలో. మీ మామ చేతిలో ఓడినానని అనిపించుకోను. నేను నిలబడినాను అని ఆటో మీద ఊరంతా తిరిగి చెప్పినావే, అది అబద్ధమా?"

ఆ పిల్ల తలెత్తింది. "అబద్ధం కాదక్కా."

"అయితే పోయి కూర్చో."

ఆమె లేచింది. చాప నుంచి బల్ల దాకా పెద్ద దూరమేమీ కాదు, కానీ అందరూ దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకోవలసి వచ్చింది. పెద్దాయన ఆమె రావడం చూశాడు. నిదానంగా లేచి, కొత్త తువ్వాలు తీసి కుర్చీ దులిపి, "దుమ్ము పడతా ఉంటే చూసుకుంటా ఉన్నా పాపా, కూర్చో" అన్నాడు. ఆ పెద్దమనిషి తెలివికి కూడా ఒక దండం పెట్టాలి. ఆమె కూర్చుంది. నేను మైకు ఆమె ముందుకు జరిపాను.

సభ అయ్యాక ఖాళీ బుట్టలు ఆటోలోకి ఎక్కిస్తూ అక్కను అడిగాను. "కుర్చీలో ఆ పాపను చూస్తే నీకు కడుపు మండలేదా?"

"మండింది. ఎందుకు మండదు? అది నేను కూర్చోవాల్సిన కుర్చీ." ఆమె బుట్టల మీద తాడు బిగించి కట్టింది. "ఆ పాప దగ్గిరైతే వచ్చేసారి ఓట్లతో గెలుచుకుంటా. ఓటు అడక్కుండా కూర్చున్నోడి దగ్గిర ఎట్టా గెలిచేది?"

"వచ్చేసారి మన ఊరు ఆడవాళ్ళకు రాకపోతే?"

"మంచిదే గదా" అంది మా అక్క ఆటో ఎక్కుతూ. "మామ మీద నిలబడతా."