అమ్మా అంటే మెడల బిళ్ళ

కరుణాకర్ సార్ మంచోడు. ఈ ముక్క ముందుగాలనే చెప్పి పెడుతున్న. ఎందుకంటే ఇంక చెప్పేది ఇని మీరు ఆయనను తిడుతరు. నేను గూడ తిట్టిన. చెడ్డోడు పాడుపని చేస్తే కోపమొస్తది, అయిపోతది. మంచోడు చేస్తే రోత పుడుతది. అది కడుపుల్నే ఉంటది.

మెదక్‌ల ఓ మూడంతస్తుల ప్రైవేటు స్కూలు. పేరెందుకు, ఏ గల్లీకి పోయినా అసుంటిది ఒకటి దొరుకుతది. నేను ఆడ ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసుంట. డిగ్రీ నడుమల ఇడిసిపెట్టినోనికి గంతకంటె ఏం కొలువిస్తరు? హాల్ టికెట్లు ప్రింటు తియ్యి, ఐడీ కార్డుల మీద ఫోటోలు అతుకవెట్టు, ఫోనెత్తి "గుడ్ మార్నింగ్" అను. ఆఫీసుకూ తొమ్మిదో తరగతికీ నడుమ ఒక్క ప్లైవుడ్ చెక్క. ఇనొద్దనుకున్నా అవతలి పాఠమంతా చెవులవడుతది.

కరుణాకర్ సార్ ఆ తరగతికి ఇంగ్లీషు చెప్తడు. టేక్మాల్ దిక్కు పల్లె ఆయనది. పదో తరగతి దాంక తెలుగు మీడియం. డిగ్రీకి మెదక్ వచ్చినంక మొదటి వారంల్నే లెక్చరర్ లేపి, నీ గురించి ఇంగ్లీషుల చెప్పమన్నడట. ఈయన పేరు చెప్పిండు, ఊరు చెప్పిండు, ఆగిపోయిండు. క్లాసంత నవ్వింది.

"నేల పలిగితే అండ్ల దుంకుదునా అనిపిచ్చిందిరా," అని నాకు ఎన్నిసార్లు చెప్పిండో. చాయ్ తాగుకుంట చెప్తడు, చాయ్ సల్లారిపోతది.

ఇగ అప్పటిసంది పట్టుకున్నడు. పొట్లం కట్టిచ్చిన పేపర్ ముక్క దొరికినా చదివిండు, మందుల డబ్బ మీది రాత గూడ చదివిండు. దూరవిద్యల ఇంగ్లీషు ఎమ్మే చేసిండు. సర్కారు టీచర్ కొలువు కోసం పరీక్షలు రాసి రాసి వయసు దాటిచ్చుకున్నడు. ఇంట్ల పెండ్లాంతోని గూడ ఇంగ్లీషు మాట్లాడి చూసిండట. ఆమె, "నీకు కూర గావాల్నా, ఇంగ్లీష్ గావాల్నా?" అని అడిగేసరికి మానుకున్నడు. ఇస్త్రీ అంగి, జేబుల లవంగాలు, నలుగురి ముందట మాట్లాడాల్నంటే ఇప్పటికీ చెమట పట్టే అరచేతులు. గదీ మనిషి.

జూన్ల స్కూల్ తెరువంగనే సార్ తెల్ల చార్టు మీద రూల్స్ రాసి క్లాసుల అంటువెట్టిండు. గంట కొట్టకముందే కూసోవాలె. నోట్‌బుక్కుకు ఖాకీ అట్ట ఉండాలె. అనుమానం ఉంటే చెయ్యెత్తి అడగాలె. తప్పు మాట్లాడినోన్ని చూసి ఎవ్వలు నవ్వొద్దు. క్లాసుల ఇంగ్లీషు తప్ప ఇంకోటి నోట్లకెల్లి రావొద్దు. నవ్వొద్దన్న దాని కింద ఎర్ర స్కెచ్‌తోని గీత గీసి, మళ్ల గీసిండు. ఆయనకు అదే అన్నిట్లకెల్ల పెద్ద రూలు.

మా కరస్పాండెంట్ అమరేందర్ సార్ వచ్చి చార్టు చూసిండు. ఆయన భూములున్న పటేల్ల ఇంటి మనిషి, వడ్ల మిల్లుంది, వచ్చే ఎలక్షన్ల కౌన్సిలర్ టికెట్ మీద కన్నుంది. పైకెల్లి కిందికి చదివి, ఆఖరి రూలు మీద వేలు పెట్టిండు.

"గిది ముఖ్యం కరుణాకర్. తల్లిదండ్రులు దీనికే వస్తరు. దీన్ని గట్టిగ పట్టు. ఖాకీ అట్టలు, నవ్వుడు, గవన్ని పిల్లల ముచ్చట్లు."

గట్ల పట్టనీకి సార్ బిళ్ళ కనిపెట్టిండు. అరచేతంత చెక్కముక్క, దానికి నాడ. నేను తెలుగు మాట్లాడిన అని దాని మీద ఇంగ్లీషుల రాసుంటది. తెలుగు మాట్లాడినోని మెడల పడుతది. వాడు ఇంకొకన్ని పట్టుకొని వాని మెడల ఎయ్యాలె. ఆఖరి గంట కొట్టేసరికి ఎవని మెడల ఉంటదో వాడు తెల్లారి ప్రేయర్‌ల ముందట నిలవడాలె. సార్ దీన్ని ఆటనుకున్నడు. వట్టిగ చెప్తలేను, నిజంగనే ఆటనుకున్నడు.

పిల్లలు ఆటనెప్పుడు ఆట లెక్క ఆడిన్రు? బిళ్ళ మెడల పడ్డోడు పక్కోన్ని గిల్లుడు షురూ చేసిండు. గిల్లితే "అబ్బా" అంటడు. అబ్బా తెలుగే గదా! మహేష్ అనే పోరడైతే జామెట్రీ బాక్సుల కంపాస్ ముల్లు పట్టుకొని తిరిగేటోడు. వెనుకకెల్లి పొడుస్తడు, వాడు "అమ్మా" అంటడు, బిళ్ళ తీసి వాని మెడల ఏస్తడు. పంచాయితి సార్ దగ్గరికి పోయింది. ప్లైవుడ్ ఇవతల నేను ఇంటనే ఉన్న.

"సార్, అమ్మా ఈజ్ తెలుగు ఆర్ ఇంగ్లీష్, సార్?" అని మహేష్ అడిగిండు.

సార్ "తెలుగే," అన్నడు. తర్వాత ఇంగ్లీషుల చెప్పిండు, దెబ్బ తగిలితే "ఔచ్" అనాలని. క్లాసంత ఒక్కసారి "ఔచ్" అన్నది. మళ్లొకసారి అనిపిచ్చిండు. నేను ఇవతల నవ్విన. పొడిసినోన్ని ఏమన్న అన్నడా అంటే, లేదు. ఆయనకు ఆ టైంల ఏది తెలుగు, ఏది ఇంగ్లీషు అన్నదే కనబడ్డది.

గా క్లాసుల సృజన అని ఒక పిల్ల కొత్తగ చేరింది. రేగోడ్ దిక్కు సర్కారు బడిల చదివొచ్చింది. ఆడ బోర్డు మీద ఇంగ్లీషు మీడియమని రాసుంటది గని, చెప్పుడు తెలుగుల్నే. తండ్రి ఎల్లం రామాయంపేటల మెకానిక్, ఆదివారం ఆదివారం వస్తడు. తల్లి యశోద బిడ్డ చదువు కోసమని మెదక్‌ల కిరాయి రూం తీసుకొని, ఇంట్లనే జాకెట్లు కుడుతది. ఆ పిల్ల ఒక ఉపాయం చేసింది. నోరే తెరువది. ప్రెజెంట్ సార్, యెస్ సార్, నో సార్. అంతకుమించి పొద్దుగాలకెల్లి సాయంత్రం దాంక మాట లేదు. మహేష్ ముల్లుతోని పొడిసినా పెదవి కొరుక్కొని ముందటికే చూసేది. ఔచ్ అననీకి గూడ భయమే, తప్పు పలుకుతనేమో అని. బిళ్ళ ఆమె మెడల ఒక్కనాడు వడలే.

దీనికి కరుణాకర్ సార్ మస్తు ఖుష్. "సృజనను చూసి నేర్చుకోండ్రి," అని క్లాసుల ఇంగ్లీషుల అనేది. మాట్లాడని పిల్లను చూపెట్టి మాట్లాడుడు నేర్చుకోమంటుండు ఇంగ్లీషు సారు! నాకు నోటిదాంక వచ్చింది గని అనలే. డిగ్రీ ఇడిసిపెట్టినోని మాట ఎవలింటరు?

వానకాలం, మస్తు గాలి. ఆ రోజు నేను సర్కులర్ పట్టుకొని తొమ్మిదో తరగతికి పోయిన. నేను చేరుకునే లోపట్నే గాలికి రేకు తలుపు దబ్బున పడ్డది. లోపలికెల్లి ఎవ్వల అరుపు రాలే. సార్ బోర్డు మీద రాస్తుండు, చాక్‌పీస్ టకటక ఇనవడుతుంది. తలుపు గుంజితే జర ఆగింది, ఏందో అడ్డమున్నట్టు. బలంగ గుంజి తెరిసిన.

మడతబందు దగ్గర సృజన నిలవడ్డది. తలుపు పక్క బెంచి ఆమెది, తలుపు పడకుంట పట్టుకోనీకి లేసినట్టుంది. నడిమి వేలు నలిగి, గోరు ఊడి వేలాడుతుంది. రక్తం మణికట్టు మీదికెల్లి చుక్కలు చుక్కలు పడుతుంది. కండ్లల్లకెల్లి నీళ్ళు ధారగ కారుతున్నయి. నోరు మాత్రం కుట్టేసినట్టు మూసుకున్నది. పక్క పిల్లలకు గూడ తెల్వదు.

"అయ్యో, ఏమైంది బిడ్డా!" అన్న నేను.

ఆమె నన్ను చూడలే. సార్ దిక్కు చూసి, మంచి చెయ్యి పైకెత్తింది. రూలు గదా. సార్ తిరిగినంక అన్నది, "సార్... ఫింగర్."

సార్ మొఖం తెల్లగైంది. చాక్‌పీస్ ఇసిరికొట్టి ఉరికొచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నడు. నా బండి మీద నడుమ పిల్లను కూసోవెట్టుకొని దవాఖానకు తీస్కపోయినం. దారి పొడుగూత పిల్లకెల్లి ఒక్క మూలుగు గూడ రాలే. డాక్టరు గాయం కడిగి కుట్లేస్తుంటే నేను మొఖం తిప్పుకున్న, ఆమె గోడ దిక్కు చూస్కుంట కూసున్నది.

యశోద కుట్టు మిషన్ మీదికెల్లి అట్లనే లేసి వచ్చినట్టుంది, మెడల టేపు గూడ తియ్యలే. "ఏడువవే తల్లి, నొస్తలేదానే? ఒక్కసారన్న ఏడువు," అని బిడ్డ తల పట్టుకున్నది.

సృజన కండ్లతోని కరుణాకర్ సార్‌ను చూపెట్టింది.

యశోదకు జర సేపటికి సమజైంది. "సార్," అన్నది మెల్లగ, "మీరు జర బయటకు పోండ్రి. మీరుంటే అది ఏడుస్తలేదు."

సార్ పరదా బయటకొచ్చి వరండాల నిలవడ్డడు. నేను పక్కకే ఉన్న. రెండు నిమిషాలు గూడ కాలే, లోపటికెల్లి ఇనవడ్డది. "అమ్మా! అమ్మా! అమ్మా!" అంతసేపు ఆపుకున్నదంత ఒకటే తీర్గ. వరండాల ఉన్నోళ్ళంత తిరిగి చూసిన్రు. కరుణాకర్ సార్ గోడకు చెయ్యి ఆనిచ్చి తల వంచుకున్నడు.

తెల్లారి కరుణాకర్ సార్ అమరేందర్ సార్ రూంలకు పోయిండు. తలుపు తెరిసే ఉంది, నేను ఇన్న.

"సార్, బిళ్ళ బంద్ చేద్దాం. పిల్ల భయపడ్డది."

"భయపడ్డదా? వేలు నలిగినా తెలుగు మాట్లాడలే గా పిల్ల! గిది డిసిప్లిన్ అంటే. శనివారం పేరెంట్స్ మీటింగ్‌ల షీల్డ్ ఇద్దాం ఆమెకు. నీ చేతుల మీద ఇయ్యి."

"సార్, అది గాదు..."

"నీ రూలే గదనయ్య? నీ రూలుకే పేరొస్తుంటే నీకేం రోగం?"

"సరే సార్," అన్నడు కరుణాకర్ సార్.

సరే అట! బయటకొచ్చినంక మొఖం మీదనే అడిగిన, "సిగ్గుంటదా సార్ మీకు?" ఆయన తిట్టలే. "కొలువు పోతే ఈ వయసుల ఎవడిస్తడురా," అని లవంగం నోట్లేసుకున్నడు. ఆ లవంగం వాసనకు గూడ నాకు వాంతికొచ్చింది.

శనివారం కింది హాల్ల కుర్చీలన్ని నిండినయి. అమరేందర్ సార్ మైకు పట్టుకొని సృజన కథ చెప్పిండు. తలుపు, వేలు, రక్తం, అన్ని. నడుమ నడుమ ఇంగ్లీషు ఏసి సినిమా లెక్క చెప్పిండు. "అంత నొప్పిల గూడ మా పిల్ల నోట్లకెల్లి ఒక్క తెలుగు ముక్క రాలే!" అన్నడు. చప్పట్లు. మీటింగ్ కోసమని వచ్చిన ఎల్లం అందరికంటె ముందుగాల కొట్టిండు, పక్కోనికి "మా బిడ్డనే" అని చూపెట్టిండు. యశోద కొట్టలే.

పట్టీ కట్టిన వేలు పైకి పట్టుకొని సృజన స్టేజీ ఎక్కింది. కరుణాకర్ సార్ షీల్డ్ ఇయ్యనీకి వంగిండు. మెల్లగ అడిగిండు గని, మైకు దగ్గరుండి హాలంత ఇనవడ్డది.

"నొస్తుందా బిడ్డా?"

తెలుగుల అడిగిండు. సృజన ఉలిక్కిపడ్డది. అమరేందర్ సార్ దిక్కు చూసింది, సార్ దిక్కు చూసింది.

"నో సార్," అన్నది.

మళ్ల చప్పట్లు. ఇంతకుముందటికంటె గట్టిగ. అగో, ఆడ నాకు మనుషులంటేనే చీదర పుట్టింది.

కరుణాకర్ సార్ షీల్డ్ టేబుల్ మీద పెట్టిండు. మైకు గుంజుకున్నడు. చేతుల చెమటకు మైకు జారుతుంటే రెండు చేతులతోని పట్టుకున్నడు.

"నొస్తది. అబద్ధం చెప్తుంది పిల్ల, నాకు భయపడి చెప్తుంది. ఆ రూలు నేను పెట్టిన. నేనుంటే ఏడువనీకి గూడ భయపడ్డది. దవాఖానల నన్ను బయటకు పంపినంక ఏడిసింది, నేను ఇన్న. దీనికి షీల్డ్ ఏంది? మీరు చప్పట్లెందుకు కొడుతుండ్రు?"

మూడో వరుసల ఇస్త్రీ అంగి ఏసుకున్న తండ్రి ఒకాయన లేసిండు. "ఇంగ్లీష్ సారయ్యుండి మీరే తెలుగుల మాట్లాడితే ఎట్ల? మా పిల్లలకు ఏం వస్తది?"

"అవునవును," అన్నరు నలుగురు. గంతే. వేలు ముచ్చట ఎవనికీ వట్టలే. అమరేందర్ సార్ నవ్వుకుంట మైకు తీసుకొని, సారుకు తబియత్ బాగలేదని చెప్పిండు. మైకు పక్కకు పెట్టి, సోమవారంకెల్లి రావొద్దని కరుణాకర్ సార్ చెవుల చెప్పిండు. స్టేజీ పక్కకే ఉన్న నాకు ఇనవడ్డది.

కరుణాకర్ సార్ స్టేజీ దిగి గేటు దిక్కు నడిసిండు. యశోద అప్పటికే లేసింది. "నువ్వు కూసో," అని మొగనితోని అన్నది, బిడ్డ మంచి చెయ్యి పట్టుకొని దించుకొచ్చింది. గేటు దగ్గర ఇద్దరు సార్‌ను కలిసిన్రు. నేను బండి తాళం చెవులు పట్టుకొని వెనుకనే ఉన్న.

"సోమవారంకెల్లి మళ్ల సర్కారు బడికే పంపుత సార్," అన్నది యశోద. "మీ మీద కోపంతోని గాదు. ఉన్నది గూడ అంటున్న, మీ మీద కోపం గూడ ఉంది."

"ఉండాలెనమ్మ," అన్నడు సార్.

సృజన తల్లి కొంగు ఎనుక నిలవడి ఆయననే చూస్తుంది. సార్ ఏం అడుగలే. అడిగితే మళ్ల నో సార్ అంటదని భయమేమో. గేటు గడియ తీయనీకి చెయ్యి పెట్టిండు.

"మస్తు నొస్తుంది సార్," అన్నది సృజన. ఆ పిల్ల నాలుగు మాటలు మాట్లాడితే గొంతు ఎట్లుంటదో నేను అప్పుడే ఇన్న, జర మొగగొంతు. "రాత్రి పంటలేను. వేలు కిందికి దించితే సలుపుతుంది. మహేష్‌గాడు నన్ను గూడ ముల్లుతోని పొడిసేది సార్, మీకు తెల్వదు. నేను చెప్పలే. ఎట్ల చెప్పాల్నో రాలే నాకు."

సార్ గడియ మీదికెల్లి చెయ్యి తీసిండు. ఆడనే గేటు దిమ్మె మీద కూసున్నడు, పిల్ల ఎత్తుకు సమానంగ. లోపల ఇంకో షీల్డ్‌కు చప్పట్లు మోగుతున్నయి.

"ఇంకేం చేసిండు వాడు?" అని అడిగిండు. "మెల్లగ చెప్పు. మొత్తం చెప్పు."

ఆమె చెప్పుడు షురూ చేసింది.