గొర్రెల తర్వాతే మనుషులు

వరికోతలయ్యాక, బెంగాల్లో మేముండే మలంచా పేట అవతలి పొలాల్లోకి ఏటా బీహారు వైపు నుంచి గొర్రెల కాపరులు వస్తారు. వాళ్లలో ఒకామె నీళ్లకు మా పంపు దగ్గరికి వస్తుంది, నన్ను మౌసీ అంటుంది, అంటే పిన్ని. ఈసారి వచ్చినప్పటి నుంచీ ఆమెకు జ్వరం. సాయంత్రమైతే వణుకు, కీళ్ల నొప్పులు. పైగా కడుపుతో ఉంది. మందలో గొర్రెలు కూడా నెలలు నిండకుండానే ఈసుకుపోతున్నాయి. చచ్చిన పిల్లల్ని ఉత్త చేతుల్తో లాగేది ఆమే.

అప్పుడే అక్కడ వైద్య శిబిరం పెట్టారు. మనుషులకూ పశువులకూ ఒకేచోట వైద్యమని గుడ్డ మీద రాసి కట్టారు. ముసలితనంలో నేర్చుకున్న బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, నిజమే కాబోలు అనుకున్నాను. చదువు రానన్నాళ్లూ ఇలాంటివి నమ్మే ప్రమాదం ఉండేది కాదు.

ఒకేచోట అంటే ఒకే మైదానమట. డాక్టరమ్మ ఈ మూల, పశువుల డాక్టరు ఆ మూల. ఇద్దరి మధ్యా పలకరింపు కూడా లేదు. పొద్దున మనుషులకు, మధ్యాహ్నం గొర్రెలకు అని ఫ్యాను కింద కూర్చుని ఎవరో తేల్చేశారు. ఈ కాపరుల పద్ధతి వేరు. మందకు సూది పడనిదే వాళ్లు మందు ముట్టరు. తమను ముందు చూసుకుంటే మందకు కీడని నమ్మకం. పొద్దున ఒక్కరూ కదల్లేదు. డాక్టరమ్మ ఫోను చూసుకుంటూ కూర్చుంది.

అక్కడ కుర్చీలు సర్దేవాడు పక్కపేట ఖరిదాలోని మన తెలుగువాడే.

"పిన్నీ, ఈల్లకి మనిసికన్నా గొర్రే ఎక్కువంట. ఏటి సేస్తాం!" అని నవ్వాడు.

"నవ్వుతావేట్రా? గొర్రి పోతే ఈల్లేటి తింతారు? ముందు గొర్రిల్నే సూస్తే మీ సొమ్మేటి పోద్ది?"

"టైమ్ అలాగ ఏసినారు పిన్నీ."

"రైలేట్రా, తప్పిపోడానికి?"

మధ్యాహ్నం ఆఖరి గొర్రెకు సూది వేయించి, ఆ కడుపుతో ఉన్నామె చేతులు తుడుచుకుని వచ్చేసరికి డాక్టరమ్మ జీపెక్కేసింది. నేను పోయి జీపు ముందు నిలబడ్డాను.

"మాసీమా, టైమ్ అయిపోయింది. జ్వరం బిళ్లలు ఇప్పిస్తాను."

"బిళ్లలు మలంచా కొట్లో దొరుకుతాయి. పొద్దుటినుంచీ ఊరికే కూర్చున్నావు కదా, దిగి చూడు" అని బెంగాలీలో అరిచాను.

పశువుల డాక్టర్ని పిలిస్తే, మనుషులు తన పని కాదన్నాడు.

"గొర్రెలు నీ పనే కదా దాదా? వాటికేమైందో ఈవిడకు చెప్పు, చాలు."

విసుక్కుంటూ రెండు ముక్కలు చెప్పాడు. గొర్రెలు ఈసుకుపోతున్నాయనగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. గబగబా దిగి, చచ్చిన పిల్లల్ని ఎవరు తీశారని అడిగింది. ఆమె తన రెండు చేతులూ చూపించింది. ఆ జీపులోనే రక్తపరీక్షకు తీసుకుపోయారు. ఇద్దరు చదువుకున్నవాళ్లు నోరు విప్పి మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక ముసల్ది గొంతు చించుకోవాలి!

గొర్రెల నుంచి అంటుకున్న జ్వరమేనని తేలింది. చాలా వారాలు మందు వేసుకోవాలన్నారు. మంద అన్నాళ్లు ఇక్కడ ఆగదని వాళ్లకు తట్టలేదు. దెబ్బలాడి మొత్తం మందు ఒకేసారి కట్టించాను.

ఆమె పొట్లం తిప్పితిప్పి చూసుకుంది.

"మౌసీ, ఇవి గొర్రెలకు కూడా పనిచేస్తాయా?"

"చెయ్యవు. నీకూ, నీ కడుపులో దానికీ. నువ్వే మింగాలి" అని కసిరాను.

తలూపింది. నా ఎదుటే ఒకటి మింగించి మంద వెంట పంపాను. మిగతావి మింగిందో, ఏ గొర్రెకు నూరి పోసిందో తెలియదు. దారిలో అడిగేవాళ్లు ఎవరూ లేరు.