సీసా ముంచిన చోటు

శాంభవి ఎమ్మెస్సీ చదివింది. చదివి చేస్తున్న పని కృష్ణలో నీళ్ళు పట్టడం. "దానికి డిగ్రీ ఎందుకే, బిందె చాలదూ?" అని బెజవాడలోని ఆమె చుట్టాల వేళాకోళం. కార్తీకం వస్తే ఆమెకు ప్రతి తెల్లవారుజామూ ఘాట్‌లోనే. జనం ఎక్కువగా మునిగే చోట, మోకాలి లోతున సీసా ముంచి ల్యాబ్‌కు పంపాలి. ఫలితం వచ్చేసరికి మునగాల్సినవాళ్ళంతా మునిగేసి ఇళ్ళకు పోతారు. మన ప్రభుత్వ పరీక్షలంటే అంతే కదా.

ఆ ఏడు ఎగువన మురుగుకాలవకు గండిపడి, ఆ నీరు ఘాట్‌లోకి వచ్చింది. ఫలితాలు ఘోరంగా వచ్చాయి. ఇక్కడ మునగొద్దని బోర్డు పెట్టమని శాంభవి పై అధికారిని బతిమాలింది. "పండగ రోజులండీ, గొడవవుతుంది. కార్తీకం వెళ్ళనివ్వండి" అన్నాడాయన.

ఇక చెప్పి చూడ్డానికి మిగిలింది అమ్మ. జానకి గారు పక్కింటి రావమ్మనూ వీధిలోని మరో నలుగురినీ వెంటేసుకుని రోజూ అదే ఘాట్‌లో మునుగుతుంది.

"వద్దమ్మా, ఆ నీళ్ళు మంచివి కావు."

"నువ్వు సీసా ముంచిన చోటే మునుగుతున్నాం లేవే. బాగుండబట్టే కదా గవర్నమెంటు వాళ్ళు పట్టుకెళ్ళేది!"

"బాగుందని కాదు, జనం అక్కడున్నారని పడుతున్నానమ్మా!"

"జనం అక్కడున్నది నువ్వు పడుతున్నావనే!"

శాంభవి నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎవరు వింటారు? వారం తిరక్కుండానే రావమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. "బండి మీద పునుగులు తినొద్దంటే విందా?" అని ఏడ్చింది జానకి గారు. ఆ ఏడుపు విని శాంభవికి కోపం రావాలి. రాలేదు; రావమ్మ మునిగింది తను సీసా ముంచిన చోటే.

పౌర్ణమి నాడు శాంభవి జనాన్ని వదిలి, ఎవరూ దిగని చివరి మెట్ల దగ్గరికి నడిచింది. వెనక అలికిడైంది. ఆడవాళ్ళంతా చీరలెత్తి పట్టుకుని వస్తున్నారు. ముందు అమ్మ.

"ఇవాళ ఇక్కడ బాగున్నట్టుంది, దిగండమ్మా!"

శాంభవి సీసాను గుండెకు అదుముకుంది. "నేనివాళ పట్టనమ్మా. అసలు పట్టను."

జానకి గారు అప్పటికే నడుం లోతున ఉంది. ముక్కు మూసుకోబోయి ఆగి, కూతురి వైపు విసుగ్గా చూసింది.

"నువ్వు పట్టకపోతే ఎలాగే? మేమెక్కడ మునగాలో మాకు తెలియొద్దూ?"