తత్వశాస్త్ర వ్యాసానికి లోకోషెడ్ ముద్ర

స్వాతంత్య్రానికి ముందు నేను బిలాస్‌పూర్ లోకోషెడ్‌లో రైలింజన్లు బాగుచేసే ఫిట్టర్‌ని. ఐదో తరగతితో బడి మానేసినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు తత్వగ్రంథాలు చదివేవాణ్ణి. ఒక విశ్వవిద్యాలయంలోని తత్వశాస్త్ర శాఖ వ్యాసపోటీ పెట్టింది. నెగ్గినవాడు ఉపకారవేతనం మీద అక్కడే చదువుకోవచ్చు. దరఖాస్తు మీద సంస్థాధిపతి సంతకం ఉండాలన్నారు.

షెడ్ గుమస్తా సన్యాసిరావు బాబాయిని అడిగాను.

"నీ సంస్థ షెడ్డే కదేటి? ఫోర్‌మేన్ దొర సంతకం లేకుండా మన కాయితం ఎప్పుడైనా కదిలిందేటిరా?" అని ఆయనే సంతకం పెట్టించి, షెడ్ ముద్ర కూడా కొట్టించాడు.

ఎంపికైన ఐదుగురిలో ఒకడిగా నన్నూ పిలిచారు. ఆ శాఖ ఆచార్యుడు అందరి ముందూ నా వ్యాసం పైకెత్తి, "వచ్చినవాటిలో ఇదే ఉత్తమం" అన్నాడు. నా గుండె పొంగింది. తర్వాత దరఖాస్తు చూశాడు.

"సిఫార్సు ఇంజన్ల షెడ్డుదా? ఇంజనుకీ ఆత్మ ఉందంటావా ఏమిటి?"

గది ఘొల్లుమంది.

"వ్యాసంలో తప్పేమిటో చెప్పండి" అన్నాను.

"తప్పేమీ లేదు. సంస్థ అంటే కాలేజీ. నువ్వు విద్యార్థివి కావు, అంతే."

ఉపకారవేతనం నా పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడికి ఇచ్చారు.

తిరిగొచ్చాక బాబాయి, "నా వల్లే పోయిందిరా" అని తల దించుకున్నాడు. ఆయన తనకు తెలిసిన మర్యాద ప్రకారమే చేశాడు. ఆ పండితులకు తెలిసిన మర్యాదేమిటో మాత్రం, ఎనభై దాటినా నాకు బోధపడలేదు. చదువుకోనివ్వండని వెళ్లినవాణ్ణి, చదువుకోలేదని పంపేశారు.