ఆరో అంతస్తులో తెలుగు

అది 2023 వానాకాలం. యాంగోన్‌లో నది ఒడ్డున లత అనే పేట ఉంది. రేవు దగ్గర మొదలై పైకి సాగే ఇరుకు వీధులు, వాటికి రెండు పక్కలా ఆరేసి, ఎనిమిదేసి అంతస్తుల మేడలు. చాలా వాటికి లిఫ్టు లేదు. అంతస్తుకొక పొడుగాటి గది, దాన్ని చెక్కలతో విడగొట్టుకుని ఒక సంసారం, కొన్ని చోట్ల రెండు. బాల్కనీల నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. కూరలమ్మే ఆవిడ తాడు చివర క్లిప్పుకి సంచి తగిలించి లాగితే పైన గంట మోగుతుంది, పైవాళ్లు సంచిని లాక్కుంటారు. అంతమంది జనం మధ్య ఒక్క మనిషి మొహం చూడకుండా వారం గడపాలన్నా గడపొచ్చు.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకి వెళ్లి కాళ్లూ చేతులూ కదిలించడం, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి నేల మీదికి తీసుకురావడం నా పని. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. మా తాత గంజాం నుంచి బియ్యపు మిల్లులో పనికి ఈ ఊరొచ్చాడు. కాగితాల్లో నాది బర్మా పేరు. ఇంట్లో అమ్మ మాత్రం అప్పన్నా అని పిలిచేది. ఆవిడ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. మా ఆవిడ బర్మా మనిషి, పిల్లలకి తెలుగు నాలుగు ముక్కలు అర్థమవుతాయి గాని నోట రాదు. అంటే, ఆ ఎనిమిదేళ్లలో నేను తెలుగు మాట్లాడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ జూలైలో డా ఖిన్ మే అనే డెబ్బై తొమ్మిదేళ్ల ఆవిడ కేసు నా దగ్గరికి వచ్చింది. డా అంటే డాక్టరు కాదు, పెద్దవయసు ఆడవాళ్ల పేరు ముందు ఇక్కడ పెట్టే మాట; చిన్నవాళ్లకైతే మ అంటారు. ఆరో అంతస్తు. ఆసుపత్రి కాగితంలో ఇలా ఉంది: ఎడమ మెదడులో స్ట్రోక్, కుడి చెయ్యి కుడి కాలు బలహీనం, ఎఫేసియా, జార్గన్. ఎఫేసియా అంటే స్ట్రోక్ వల్ల మాట పోవడం. జార్గన్ అంటే మాట ధారగానే వస్తుంది గాని అందులో అర్థం ఉండదు. వినేవాడికి గాలి కబుర్లలా ఉంటుంది.

తలుపు తీసింది కూతురు మ తాండా. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. చౌక్తడా పేటలో ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు. తండ్రి పోయాక తల్లీకూతుళ్లిద్దరే. ఆమె నాతో బర్మీస్‌లో అంది: "సయా, అమ్మ రోజంతా ఏదో అరుస్తూనే ఉంది. ఒక్క ముక్క అర్థం కాదు. నా సెలవు నెలాఖరుకి అయిపోతుంది. ఊరి చివర వృద్ధాశ్రమంలో చోటు అడిగాను. నడవగలిగితే తీసుకుంటామన్నారు. కాస్త నడిపించండి చాలు." ఇక్కడ డాక్టర్నీ, మేష్టార్నీ, నాలాంటి వాణ్ణీ సయా అనే పిలుస్తారు.

మంచం మీద ఆవిడ సన్నగా, తెల్లటి జుట్టుతో ఉంది. కుడి మడమ పట్టుకుని పాదాన్ని మెల్లగా వెనక్కి వంచాను. బిగుసుకుపోయిన పిక్క సాగడానికి అలా చేస్తాం.

"నొప్పెడతందిరా నాయనా, మెల్లిగా" అందావిడ.

నా చేతులు అక్కడే ఆగిపోయాయి. అది మా అమ్మ మాట తీరు. తేరుకునే లోపే నా నోట్లోంచి జవాబు వచ్చేసింది.

"ఏటమ్మా, మడమ కాడేనా?"

ఆవిడ తల తిప్పింది. ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది.

"ఎవుర్రా నువ్వు? ఎవుల కొడుకువి?"

ఈలోగా వంటింట్లోంచి మ తాండా వచ్చింది. "సయా, ఇప్పుడు మీరేమన్నారు?"

ముసలావిడ కూతుర్ని చూసింది, నన్ను చూసింది. నా చొక్కా ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. "సెప్పకు" అంది, చాలా మెల్లగా.

నేను చెప్పలేదు. "రోగి శబ్దం చేస్తే మేమూ శబ్దం చేస్తాం. ప్రోత్సాహం కోసం" అన్నాను. నా వృత్తిలో నేను చెప్పిన పచ్చి అబద్ధాల్లో అదొకటి.

రెండోసారి వెళ్లినప్పుడు మ తాండా మందుల కోసం కిందికి దిగింది. పైకీ కిందికీ ఆరంతస్తులు, అరగంట పడుతుంది. నా పేరు అప్పన్న అని చెప్పి, ఆ అరగంటలో ఆవిడ కథ విన్నాను. పేరు నూకాలు. పుట్టింది ఈ పేటలోనే, రేవు వైపు నాలుగు వీధుల అవతల. తండ్రి ఓడల్లో మూటలు మోసేవాడు.

"ఈ ఈదులన్నీ మనోల్లే నాయనా. సికాకోలోల్లు, ఇసాపట్నమోల్లు, గంజామోల్లు. ఒక గదిలో ముప్పై మంది. పగలు పనికెల్లినోడి సాప మీద రేత్రి పనోడు తొంగునేవోడు. ఆ సాప సల్లారేది కాదు."

మాట్లాడుతుంటే ఆవిడ గొంతు బలపడుతోంది. కుళాయి దగ్గర వరసలో తెలుగు, ఒడియా, బర్మీస్ మూడింటిలో తిట్టుకునేవారట. ఉగాదికి రేవు కూలీలంతా వీధి మధ్య పంక్తి వేసుకుని తినేవారట. తర్వాత, అరవైల్లో, సర్కారు దుకాణాలూ మిల్లులూ తీసేసుకుంది. మనవాళ్లకి పని పోయింది. ఓడలెక్కి వెళ్లిపోవడం మొదలైంది. వీధికి వీధి ఖాళీ అయింది. ఆ గదుల్లోకి వేరేవాళ్లు వచ్చారు.

"అమ్మా, నువ్వెల్లలేదేటి?"

"రేవులో గుమస్తా ఒకుడుండేవోడు. బర్మావోడు. నానెల్లనన్నాను. మా అయ్య నా మొకం సూల్లేదు. ఓడెక్కిన్నాడు గోడౌను ఎనకాల నిలబడి సూసినాను. అమ్మా, అయ్యా, తమ్ముళ్లిద్దరూ. అమ్మ ఎనక్కి తిరిగి తిరిగి సూసింది. అయినా నాను ముందుకి రాలేదు."

పెళ్లయ్యాక భర్త కొత్త పేరు పెట్టాడు. గుర్తింపు కార్డు మీద ఊరు ట్వంటే అని రాయించాడు. కాలవల అవతల, కుండలు చేసే ఊరు. అక్కడ అనాథగా పెరిగిన పిల్ల అని అందరికీ చెప్పారు. భారతదేశం మూలాలున్నవాళ్లకి కాగితాల దగ్గర ఎన్ని చిక్కులో మా ఇంట్లోనూ చూశాను గనక నాకు వింతగా తోచలేదు. కానీ ఆ తర్వాత అరవై ఏళ్లు ఆవిడ తెలుగు మాట్లాడలేదు. ఒక్కరితో కూడా. భర్త పోయినప్పుడు కూడా బర్మీస్‌లోనే ఏడ్చానంది.

తర్వాత నేర్చిన భాష స్ట్రోక్‌తో పోయి, చిన్ననాటి భాష మిగలడం అరుదే గాని, ఉంది. ఆవిడకి కూతురు చెప్పేది చాలావరకు అర్థమవుతోంది. జవాబు మాత్రం బర్మీస్‌లో రావడం లేదు. నోరు తెరిస్తే దాచిపెట్టిన భాషే వస్తోంది.

మూడోసారి వెళ్లేసరికి ఆవిడ మత్తుగా పడుకుని ఉంది. కళ్లు సగమే తెరుస్తోంది. నీళ్లు తాగిస్తే పొలమారి దగ్గింది. మింగే శక్తి మందగించినవాళ్లకి అలాంటి దగ్గు ప్రమాదం; నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"మీరు వెళ్లినప్పటి నుంచి రెండు రోజులు ఒకటే అరుపు, సయా" అంది మ తాండా. "అప్ అప్ అని ఏదో. పక్కవాళ్లు గోడ కొట్టారు. క్లినిక్‌లో అడిగితే నిద్రమాత్ర రాశారు."

ఆవిడ అరిచింది నా పేరు. అప్పన్నా, అప్పన్నా అని. మాత్ర రాసింది ఎవరైనా, దానికి కారణం నేను చెప్పిన అబద్ధం.

మర్నాడు నాకు వంతు లేకపోయినా ఉదయాన్నే వెళ్లాను. మాత్ర వేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాను. మ తాండా స్నానానికి వెళ్లగానే మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు నీల్లడిగితే నీ కూతురు మాత్తర ఏస్తంది. దానికి తెలవదు. నాను సెప్పీనా?"

"వొద్దు. అరవై ఏల్లు అబద్దమాడినాను. నన్నేటనుకుంటాది అది?"

"సెప్పకపోతే ఆశ్రమంలో ఒగ్గేస్తాది. అక్కడ నీ మాట ఒక్కరికీ తెలవదు. నాను కూడా ఉండను."

కిందనుంచి ఎవరో తాడు లాగారు, బాల్కనీలో గంట మోగింది, ఇద్దరం లేవలేదు.

"నువ్వు సెప్పొద్దు" అంది చివరికి. "నానే సెప్తాను. కూకోబెట్టు నన్ను."

మంచం అంచున కూర్చోబెట్టాను. మ తాండా తడి జుట్టుతో వచ్చింది. ముసలావిడ బర్మీస్ మాట కోసం నోరు కదిపింది. రాలేదు. మళ్లీ కదిపింది. అప్పుడు ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని తెలుగులోనే అంది:

"నాను నూకాలు. మాది తెలుగు."

తెలుగు అనే మాట ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి తెలుసు. మ తాండా నా వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"నా ఇంట్లో, నా తల్లితో, నన్ను బయట పెట్టి మాట్లాడారు. నేను ఆవిడకి మాత్ర మింగించాను." ఆమె గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధించింది. తర్వాత తల్లిని చూసి అంది: "చిన్నప్పుడు స్కూల్లో ఒక పిల్లని కలా, కలా అని ఏడిపించేదాన్ని. ఇంటికొచ్చి నీకు గొప్పగా చెప్పేదాన్ని. నువ్వు నా జడ వేస్తూ వినేదానివి. ఒక్క మాట అనలేదు." కలా అంటే మనలాంటివాళ్లని ఇక్కడ ఈసడింపుగా పిలిచే మాట.

ముసలావిడ కళ్లు మూసుకుంది. నన్ను వెళ్లిపొమ్మంది మ తాండా. వెళ్లిపోయాను. కేసు పోయిందనుకున్నాను.

ఐదో రోజు ఫోన్ వచ్చింది. పలకరింపు లేదు. "నీళ్లకి ఏమంటారు?" అని అడిగింది.

"నీల్లు."

"నొప్పికి?"

ఆ సాయంత్రం వెళ్లి ఇరవై మూడు మాటలు చెప్పాను. ఆమె బర్మా లిపిలో రాసి మంచం ఎదురుగా గోడకి అంటించింది. నీల్లు, నొప్పి, ఆకలి, సలి, సాలు, ఇంకా, మెల్లిగా, బేగి. ఆమె ఉచ్చారణ విని తల్లి మొదటిసారి నవ్వింది. కుడివైపు మూతి కదలకపోయినా అది నవ్వే. ఆఫీసువాళ్లు టైపింగ్ పని ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు. వృద్ధాశ్రమానికి ఆమె మళ్లీ వెళ్లలేదు.

వానలు వెనకపట్టేసరికి నూకాలమ్మ గెయిట్ బెల్ట్ సాయంతో బాల్కనీ దాకా నడిచింది. అది రోగి నడుముకి కట్టే వెడల్పాటి పట్టీ, పడబోతే పట్టుకోవడానికి. రెయిలింగ్ పట్టుకుని కిందికి వేలు చూపించేది. ఆ సెల్‌ఫోన్ల కొట్టు ఉన్నచోట ముప్పై మంది గది. ఆ బంగారం కొట్టు ఉన్నచోట కుళాయి. నేను బర్మీస్‌లో చెబుతుంటే మ తాండా యాభై ఏళ్లుగా నడుస్తున్న వీధిని కొత్తగా చూసేది. ఒకసారి తల్లిని అడగమంది: "నేను ఆ పిల్లని ఏడిపించానని చెప్పినప్పుడు ఏమనుకున్నావు?"

"ఇది నన్ను కనిపెట్టలేదు, బతికిపోనాను అనుకున్నాను" అంది నూకాలమ్మ. "రేత్రి ఏడిసినాను."

రెండూ చెప్పాను. మళ్లీ దాచే తప్పు చెయ్యలేదు.

ఒక విషయం ఒప్పుకోవాలి. సెప్టెంబరు చివరికే ఆవిడకి నా అవసరం తీరింది. మేం పెట్టుకున్న గురి బాల్కనీ దాకా నడవడం, నడిచింది. అయినా ప్లానులో ఇంకో ఆరు వారాలు రాశాను. కండరాల బలం కోసం అని కారణం వేశాను. నిజం ఏమిటంటే, ఆరో అంతస్తు ఎక్కితే ఎవరో ఒకరు నన్ను అప్పన్నా అని పిలుస్తారు. "తిన్నావేటి?" అని అడుగుతారు. వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం మిగతా వారమంతా ఎదురు చూసేవాణ్ణి.

ఫిబ్రవరిలో రెండో స్ట్రోక్ వచ్చింది. రెండు రోజులే ఉంది. బౌద్ధ పద్ధతిలో భిక్షువులు వచ్చి చదివారు. వాళ్లు వెళ్లాక మ తాండా నన్ను శవం దగ్గరికి పిలిచింది. "మీ భాషలో ఆవిడకి ఏదైనా చెప్పండి" అంది. నాకు మంత్రాలు రావు. తెలుగులో ఒకరిని ఎలా సాగనంపాలో మా అమ్మ పోయిన రోజే మర్చిపోయాను. చివరికి ఇంట్లోంచి బయల్దేరేవాళ్లతో అనే మాట అన్నాను: "ఎల్లిరా, నూకాలమ్మా."

మ తాండా అర్థం అడిగింది. వెళ్లి మళ్లీ రా అని చెప్పాను. ఆమె తల్లి చెవి దగ్గరికి వంగి రెండుసార్లు అంది. ఉచ్చారణ సరిగ్గా ఉంది. ఆ మాట తర్వాత ఆమె తెలుగు మాట్లాడటానికి మనిషి లేడని నాకు అప్పుడే తోచింది. ఆమెకి నేనున్నాను గదా అనొచ్చు. ఒకటి రెండుసార్లు ఫోన్ చేశాను. వాతావరణం గురించి బర్మీస్‌లో మాట్లాడుకున్నాం.

ఈ కేసు నేర్పింది చిన్న విషయమే. రోగిని మొదటిసారి చూసినప్పుడు మేం నింపే ఫారంలో వయసు, పని, ఇంట్లో మెట్లు, పాత జబ్బులు రాసుకుంటాం. ఇప్పుడు నేను కింద పెన్నుతో ఒక గీత గీసి ఇంకో ప్రశ్న చేరుస్తున్నాను: చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు? రోగికి మాట ఉంటే ఒంటరిగా ఉన్నప్పుడు రోగినే అడుగుతాను, ఇంట్లోవాళ్లని కాదు. ఈ పేటల్లో ఆ ప్రశ్నకి చాలామంది వెంటనే జవాబు చెప్పరు. తలుపు వేసి ఉందో లేదో చూస్తారు. నేను లేచి వెళ్లి తలుపు వేసి వచ్చి కూర్చుంటాను.