మాస్టారు వేసిన కుర్చీ

కొత్త రబ్బరు చాపల వాసన తగిలితే నాకు సత్యారావు మాస్టారు గుర్తొస్తారు. ఆయన ఏనాడూ అలాంటి చాప వాడలేదు. చోడవరం హైస్కూలు గ్రౌండులో పాత దుప్పటి పరుచుకుని యోగా నేర్పేవారు. మొన్న ఉదయం మందుల షాపు మేడ మీదున్న పిలాటిస్ కసరత్తుల హాల్లో అడుగుపెట్టగానే ఆ వాసనతోపాటు ఒక మాట కూడా చెవిన పడింది. కొత్తగా చేరడానికి రావికమతం నుంచి వచ్చిన రైతు ఒకాయన, నడుం నొప్పికి యోగా మంచిదా, ఇది మంచిదా అని పక్కవాడిని అడుగుతున్నాడు. పక్కవాడు తడుముకోలేదు.

"యోగా జోలికెల్లకండి బాబూ. ఎరువుల కొట్టు రమణ గారి నడుం ఆ సత్యారావు మాస్టారే ఇరగ్గొట్టేసేరు."

ఆ రమణను నేనే. వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది. మాస్టారు పోయి ఏడాది దాటింది. లేచి వచ్చి సమాధానం చెప్పుకోలేని మనిషి మీద, ఆయన దుప్పటి దరిదాపులకైనా రానివాడు తీర్పు చెప్పేస్తున్నాడు. ఊరంతా ఇదే కథ చెప్పుకుంటోంది. ఆ రోజు గ్రౌండులో ఉండి కళ్ళారా చూసినవాళ్ళూ చెప్పుకుంటున్నారు. ఇన్నాళ్ళూ దాన్ని చెప్పుకోనిచ్చినవాణ్ణి నేను.

ఆయన మాకు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక ఉదయంపూట ఊరికే యోగా నేర్పేవారు. బస్తాలు ఎత్తీ దించీ నడుం పట్టేసి నేను వెళితే, ఆసనం మాటెత్తకుండా ముందు ఎక్కడ నొప్పో అడిగారు. వెల్లకిలా పడుకోబెట్టారు, కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తించి చూశారు. ఇది ఇప్పుడు వంగే నడుం కాదని, ముందు పొట్ట కండలు గట్టిపడాలని చెప్పారు. తన దగ్గర చదువుకున్న మౌనిక ఫిజియోథెరపీ చదివి వచ్చి పిలాటిస్ నేర్పుతోందని, తాను వెళ్ళి చూసొచ్చానని, కొన్నాళ్ళు అక్కడ చేసి తర్వాత తన దగ్గరికి రమ్మని అన్నారు.

"ఏటి మాస్టారూ, మీ బేరం మీరే పాడుసేసుకుంటన్నారు?" అని నవ్వాను.

"నేనిక్కడ బేరం పెట్టేనేటిరా?" అన్నారాయన.

నేను వెళ్ళలేదు. ఆ మేడ మెట్లెక్కేది ఆడవాళ్ళేనని ఊళ్ళో అనుకునేవారు. కొట్టు దగ్గర నలుగురూ నవ్వుతారని నా భయం.

తర్వాత యోగా దినోత్సవం వచ్చింది. మా ఊళ్ళో ఏ కార్యక్రమమైనా ముందు వరస పెద్దలది. ఒళ్ళు వంగినా వంగకపోయినా చందా ఇచ్చినవాడు ముందు ఉండాలి. ఆ రోజు అరటిపళ్ళూ మజ్జిగా నావి, ఫ్లెక్సీ మీద నా ఫోటో ఉంది. మాస్టారు మాత్రం చివరి వరస వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చుని ఊపిరి పీల్చి వదలమన్నారు. అందరూ చూస్తున్నారని గొణిగాను.

"సూడనీరా. నడుం నీదా, ఆల్లదా? కూకో."

ముందు నుంచి మైకులో నా పేరు పిలిచారు. వెళ్ళిపోయాను. ఫోటోగ్రాఫరు ఇంకొంచెం వంగమంటున్నాడు. వరసల మధ్య నుంచి వంగొద్దురా అని అరుస్తూ మాస్టారు వస్తున్నారు. నేను వంగాను. నడుంలో ఏదో కలుక్కుమంది, మళ్ళీ లేవలేదు. ఆయన తన దుప్పటి మీదే నన్ను పడుకోబెట్టి మోయించారు.

సాయంత్రానికల్లా మాస్టారు నా నడుం విరగ్గొట్టారని ఊళ్ళో మాట పుట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళు యోగా వల్లేనా అంటే, నేను కళ్ళు మూసుకుని ఊరుకునేవాణ్ణి. నిజం చెబితే కుర్చీ సంగతి చెప్పాలి. మాస్టారు రోజూ వచ్చేవారు. అందరూ మిమ్మల్నే అంటున్నారని ఒకసారి అన్నాను. అననీ, నువ్వు ముందు మౌనిక దగ్గరికి వెళ్ళు అన్నారు. ఈసారి వెళ్ళాను. బాగుపడ్డాను. అదీ ఆయన మీదికే వచ్చింది! పిలాటిస్ గెలిచింది, యోగా ఓడిందని పందెం తేలినట్టు చెప్పుకున్నారు. నన్ను అక్కడికి పంపిన మనిషికి వ్యతిరేకంగా నా నడుమే సాక్ష్యమైంది. గ్రౌండుకు ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి ఆయన ఒక్కరే దుప్పటి మీద కూర్చుని ఉండటం, గ్రౌండు ఎదురుగా ఉన్న నా కొట్టు తెరవబోతూ చూశాను. చూసి, తాళం తీసి లోపలికి వెళ్ళిపోయాను.

మొన్న హాల్లో మాత్రం ఆగలేకపోయాను.

"ఆ రమణని నేనే. వంగొద్దని ఆయన అరిస్తే ఫోటో కోసం వంగేను. ఈ మేడ మెట్లు సూపించిందీ ఆయనే. ఇంకెప్పుడూ ఆ మాట అనకండి."

మౌనిక పని ఆపి నా వైపే చూస్తోంది. రావికమతం ఆయన నా వైపు తిరిగి, అయితే తనకు ఏది మంచిదో చెప్పమన్నాడు. ముందు ఎక్కడ నొప్పి అని అడిగాను. చెప్పలేక, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని చాప మీదికి వంగబోయాడు. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన వెనక వేశాను. అందరూ నేల మీద ఉన్నారు. ఆయన చుట్టూ చూసి, "అందరూ సూస్తన్నారండీ" అన్నాడు.

"సూడనీండి," అన్నాను. "కూకోండి."