పెద్దమ్మ కోసం ఆపిన మగ్గం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన తరువాత, ధర్మవరంలోని మా ఇంట్లో ఒక్క చుట్టమూ రాత్రికి ఉండలేదు. పొద్దున వచ్చేవాళ్లు, నా తల నిమిరేవాళ్లు, అన్నం తిని సాయంత్రం రైలుకు వెళ్లిపోయేవాళ్లు. మిగిలేది నాయన, నాయనను కన్న అవ్వ, నేను. నాయన మాటలు తగ్గించేశాడు. చూపు మందగించిన అవ్వ పెందలాడే పడుకునేది. దీపం పెట్టాక మాట్లాడే మనిషి లేక నేను మగ్గం చప్పుడు వింటూ కూర్చునేదాన్ని.

అందుకే హిందూపురం నుంచి మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, వస్తుందని కబురు అందగానే, ఆమెను ఆ ఒక్క రాత్రికైనా ఉంచుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. అమ్మను సాగనంపిన నాడు వచ్చి వెళ్లిన మనిషి, మళ్లీ అప్పుడే రావడం.

నేల పేడతో అలికాను. బొంతలు ఎండలో వేశాను. పక్కింటి అక్కను అడిగి కొత్త చాప తెచ్చాను. మాది ఒకటే గది, అందులో సగానికి పైగా మగ్గమే. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంత మీద పలకలు పరిస్తే తప్ప పెద్దమ్మకు పక్క వేయడానికి చోటు లేదు. నాయనను అడిగాను. ఆయన పని ఆపి, పలకలు పరిచి, పట్టు మీద దుమ్ము పడకుండా మగ్గానికి తన తెల్ల పంచె కప్పాడు. ఇల్లు ఎంత విశాలమైపోయిందో! నాకు ఒకటే సంబరం.

పెద్దమ్మ గడపలోనే ఆగిపోయింది. కప్పిన మగ్గాన్ని చూసింది, తడి ఆరని నేలను చూసింది. ఆమెదీ నేత ఇల్లే. మాలో అమావాస్యకు తప్ప మగ్గం ఊరికే ఆగదు. మామూలు రోజున ఆగిందంటే ఇంట్లో మనిషి పోయినట్టే. అమ్మను పడుకోబెట్టిన రోజున కూడా మగ్గం అచ్చం అలాగే కప్పి ఉందట. నాకు గుర్తు లేదు. ఆమెకు ఉంది. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుని, "ఈడ ఉండలేనత్తా. సాయంత్రం రైలుకు పోతా" అంది.

నేను చాప చుట్టి మూల నిలబెట్టాను.

అవ్వకు కళ్లు ఆనకపోయినా గొంతు వింటే మనిషి కష్టం తెలిసిపోయేది. "ఏమిరా, చుట్టాలొస్తే మగ్గం మూస్తారా యాడన్నా? తీయి ఆ పంచె!" అని నాయనను కసిరింది. నాయన పలకలు తీసి మళ్లీ గుంతలో దిగాడు. అవ్వ రాట్నం లాగి పెద్దమ్మ ముందు పెట్టింది. నేతకు కావలసిన పట్టుపోగును చిన్న చిన్న కండెలకు చుట్టేది దాని మీదే.

"నాకా కండ్లు కనపడవు. ఈ పిల్ల చుట్టిందంటే కోతి జుట్టు మాదిరుంటాది. రైలుకింకా పొద్దుండాది గదా, రెండు కండెలు చుట్టి సూపిచ్చి పోమ్మా" అంది.

"సూసిపోదామని వస్తే పనికి పెడ్తివా అత్తా!" అంటూనే పెద్దమ్మ కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని పోగు ఎంత బిగువున వదలాలో చూపింది. నేను తెంపేశాను. "మీ అమ్మా ఇంతే. ఎన్ని తూర్లు చెప్పినా లాగి తెంపేది మొద్దు" అని నవ్వేసింది. అమ్మ గురించి ఒకరు నవ్వుతూ చెప్పగా వినడం నాకు అదే మొదలు.

"వదినా, కండె అయిపోవస్తాండాది" అన్నాడు నాయన మగ్గం మీద నుంచి. ఇంకొకటి చుట్టింది. ఆ తరువాత మరొకటి. అమ్మ చిన్నతనం ముచ్చట్లు చెబుతూనే చుట్టింది. స్టేషన్ వైపు కూత వినబడితే గాని తల ఎత్తలేదు.

"రైలు పాయ గదత్తా!"

"పోనీలే, అది రేపూ వస్తాది" అంది అవ్వ, ఏమీ ఎరగనట్టు.

ఆ రాత్రి పెద్దమ్మ మగ్గం పక్క ఇరుకులోనే నన్ను పొదువుకుని పడుకుంది. మరునాడు వెళ్లిపోయింది. తరువాత ఎప్పుడో గానీ రాలేకపోయింది. ఇల్లు మళ్లీ మా ముగ్గురిదే అయింది.

అవ్వ నాకేమీ విడమరిచి చెప్పలేదు. కానీ మనుషులు వస్తామన్నప్పుడు పని అంతా ముగించేసి కూర్చోవడం నాకు ఆనాటి నుంచి చేతకాకుండా పోయింది. ఇప్పుడు ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరైనా కబురు చేస్తే పక్క సర్ది, గింజల కోసం అనపకాయలు సగం ఒలిచి, సగం చేటలోనే ఉంచుతాను. వచ్చినవాళ్లు మాటల్లో పడి ఒలుస్తూ ఉండిపోతారు. రాని రోజులే ఎక్కువ. అలాంటప్పుడు చీకటి పడేదాకా వాకిలి చూసి, మిగతా సగం నేనే ఒలుచుకుంటాను.